మోతగాడి మెడ మీద చిన్న సుత్తి

అరవైల తొలి ఏళ్లలో గుంటూరులో వైద్యవిద్యార్థుల ప్రయోగశాలలో పనిచేశాను. తిరిగే డ్రమ్ముకు మసి పట్టించిన కాగితం చుట్టడం, దాని మీద సూది గీసిన తెల్లగీతకు లక్క పూసి ఆరబెట్టడం నా పని. ఒక ఫాల్గుణ మధ్యాహ్నం గురించి డైరీలో రెండు పుటలు రాసుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే ఆ గది నీటి అడుగున ఉన్నట్టుంటుంది. కిటికీ వెలుగులో దూదిపోగులు తేలుతున్నాయి, గాలిలో మిరప ఘాటు.

అక్కడి యువ డాక్టరుగారు ఆరోగ్యవంతుల మెడ కండరాలు తట్టగానే ఎంత ఉలికిపడతాయో కొలుస్తున్నారు. మెడ మొదట్లో వేలు ఆనించి, దాని మీద రబ్బరు సుత్తితో తట్టేవారు. కండరం కదిలితే, మెడకు అంటించిన దారం సూదిని లేపేది.

ఆ రోజు మిర్చి గోదాము నుంచి ముగ్గురు హమాలీలు వచ్చారు. ఇద్దరు బస్తాలెత్తేవాళ్లు, ఒకడు మోసేవాడు. ఎత్తేవాళ్లకు సూది లేచింది. మోసేవాడికి ఎన్నిసార్లు తట్టినా గీత చదునుగానే సాగింది.

"ఏరా, నీ మెడ చచ్చిపోయిందంటగా. మేస్త్రికి చెప్పమంటావా?" అన్నాడు ఎత్తేవాళ్లలో ఒకడు.

మోతగాడు నవ్వలేదు. ఆ ఇద్దరూ వరండాలోకి వెళ్లాక నా దగ్గరికి వచ్చి, "ఈ మాట మేస్త్రి చెవిన పడితే నన్నిక మొయ్యనివ్వడండి. నాకింకో పని రాదు," అన్నాడు.

బస్తా మెడ మీదికి ఎలా చేరుతుందో చెప్పమన్నాను. వదిలేముందు ఎత్తేవాళ్లు మెడ మొదట్లో వేలితో తాకుతారట, ఇతను మెడ బిగిస్తాడట. డాక్టరుగారి వేలు ఆనుతున్నదీ అక్కడే. వేలు తగలగానే బస్తా వస్తోందని ఆ మెడ రాయిలా బిగుసుకుంటోంది.

ఆయనకు ఆ సంగతి చెప్పి, మోతగాణ్ణి బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాం. పడుకున్నవాడి మీద బస్తా పడదు కదా. డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతోంది. తన ఊరి వైపు కనిగిరి కొండ నీడలో మేకలు పడుకునే చోటు గురించి అతను ఏదో చెబుతూ, మాట మధ్యలోనే కళ్లు మూశాడు. సుత్తి తగిలింది. సూది చివాలున లేచింది.

లేచి కూర్చుని గీతను చాలాసేపు చూసి, డాక్టరుగారి వైపు తిరిగాడు.

"వాళ్లకి మీరే చెప్పండి బాబుగారూ. నేను చెబితే నమ్మరు," అన్నాడు.

డాక్టరుగారు వరండాలోకి వెళ్లి, అతని మెడకు ఏ లోపమూ లేదన్నారు. ఎత్తేవాళ్లు కాస్త సిగ్గుపడ్డారు. మోతగాడు తలగుడ్డ చుట్టుకుని, వాళ్లకంటే ముందు మెట్లు దిగాడు.