మామ్మ నోట్లో థర్మామీటరు

మెడిసిన్ మొదటి ఏడాదిలో మాకు తలా ఒక కుటుంబాన్ని దత్తత ఇస్తారు. నాకు కళింగపట్నం దగ్గర అప్పలమ్మ మామ్మ కుటుంబం వచ్చింది. దత్తత తీసుకున్నది నేనే అయినా, వెళ్ళినప్పుడల్లా అన్నం పెట్టింది వాళ్ళే.

ఓ రోజు మామ్మ నోట్లో థర్మామీటరు పెడితే నూట ఎనిమిది చూపించింది. ఆ పైన అంకెలే లేవు. "ఆటో పిలవండి!" అని అరిచాను. కోడలు ఏడుపు అందుకుంది.

మామ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏటయ్యింది బాబూ, నువ్వే సచ్చిపోతన్నట్టున్నావు?" అంది.

మాతో వచ్చి పక్కింట్లో ఉన్న మా ప్రొఫెసర్ మేడమ్ పరుగున వచ్చి, "ఇప్పుడే చుట్ట కాల్చావా, మామ్మా?" అని అడిగారు.

"డాక్టరు బాబు ఎదట బాగోదని ఇందాకే పారేసినాను."

మామ్మది అడ్డపొగ. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. నేను వేడి చూసింది మనిషికి కాదు, పొయ్యికి.

అందరూ నవ్వారు. మేడమ్ మాత్రం టార్చి వేసి మామ్మ అంగిలి చూశారు. అక్కడ తెల్లటి మచ్చ ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళి ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ కాదని తేలింది. చుట్ట మాత్రం మానాల్సిందే అన్నారు.

"సరే, ఈ బాబు జొరం సూడ్డం నేర్సుకున్నాక మళ్ళీ ఎలిగిస్తాను" అంది మామ్మ.

అందుకే నేనింకా నేర్చుకోలేదు.