ఒకే ఇంటి నంబరు

గద్వాలలో మా నేత సంఘానికి కంప్యూటర్లు వచ్చేనాటికి, శాఖా గ్రంథాలయంలో వాటి గురించి ఉన్న రెండు పుస్తకాలూ చదివేశాను. నాకు గురువు లేడు. ఆ గర్వంతోనే సంఘంలో పనికి కుదిరాను.

కొన్నేళ్లకు సంఘం ఒక కొత్త కంప్యూటర్ కొన్నది. సభ్యుల పేర్లున్న పాత ప్రోగ్రాం అందులో నడవలేదు. నగరం నుంచి వచ్చిన ఇంజనీరు కొత్తదాని లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు ఏర్పాటు చేసి, పాత ప్రోగ్రామును అందులో పెట్టాడు. వర్చువల్ మెషీన్ అన్నాడు. దాన్ని పక్క గదిలో ప్రింటరున్న కంప్యూటరుతో కలిపే పని నాకు వదిలి బస్సెక్కాడు.

ఆ వారమే, దగ్గు ముదిరిన నేతగాళ్లను నగరంలోని దవాఖానకు తీసుకుపోవడానికి వ్యాను వచ్చింది. సంఘం ఆ ప్రోగ్రాం నుంచి అచ్చువేసి ముద్ర కొట్టిన జాబితాలో పేరుంటేనే ఎక్కించుకుంటారు. చేతిరాత చెల్లదు, అంతకుముందు ఎవరో దొంగపేర్లు దూర్చారట. మూడు గంటలకు ప్రయాణం. నన్ను పెంచిన పెదనాయన సంఘం వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. తువ్వాలు మీది నెత్తుటి మరకను లోపలికి మడిచి పట్టుకున్నాడు.

లోపలి యంత్రానికి నెట్‌వర్క్ చిరునామా అంకెలు అడిగిన చోట నేను ఆగలేదు. మా ఇంట్లో రెండు మగ్గాలు. సంఘం పుస్తకంలో రెండింటికీ ఒకటే నంబరు. ఆ నంబరు మీదే నూలూ పట్టూ వచ్చేవి. లోపలి యంత్రమూ అదే పెట్టెలో ఉంది కదా అని, బయటిదాని అంకెలే దానికీ ఇచ్చాను.

ప్రింటరు కదలలేదు. తీగ మార్చాను. రెండూ ఆపి మళ్లీ పెట్టాను. జాబితాను ఫ్లాపీలో ఎక్కిద్దామంటే, ప్రింటరున్న పాత కంప్యూటర్లో అది పెట్టే చోటు ఎప్పుడో పాడైంది.

"ఏమాయె పంతులూ?" అన్నాడు పెదనాయన. పుస్తకాలు పట్టుకు తిరుగుతానని ఆయన నన్నట్లా పిలిచేవాడు.

"పక్క కంప్యూటర్ దీన్ని గుర్తువడ్తలేదు."

"గోడ అవుతలనే ఉన్నది గదరా. సుట్టపోళ్ల లెక్క కొట్లాడుకున్నరా ఏంది?"

మూడున్నర దాకా చూసి, ముందే ఎక్కిన ధరూర్ మనుషులతో వ్యాను వెళ్లిపోయింది. మా ఊరి ఆరుగురిలో ఐదుగురు ఇళ్లకు నడిచారు. పెదనాయన లోపలికొచ్చి, ఏం చేశావో చెప్పమన్నాడు. చెప్పాను.

"రెండు మగ్గాలకు ఒకటే నంబరైనా, గడప లోపట నేనుండి గిది దీనికి, గది దానికి అని పంచేటోన్ని. నీ డబ్బాల పంచేటోడు ఎవడున్నడురా?"

లోపలి యంత్రం చిరునామాలో చివరి అంకె మార్చాను. వెంటనే ప్రింటరు గీకడం మొదలుపెట్టింది. మూడో పేరు ఆయనది. కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. "ఉండనీ. మల్లొచ్చినప్పుడు అక్కరకొస్తది."

వ్యాను మళ్లీ వచ్చేసరికి చలికాలం. కొత్త జాబితాకు ముందు పెదనాయన పేరు తీసేయాలని గుమాస్తా గుర్తుచేశాడు. లోపలి యంత్రం తెరిచి ఆ వరుస చెరిపాను. పక్క గదిలో ప్రింటరు ఐదు పేర్లూ ఆగకుండా కొట్టింది.