మాస్టారు రెండుసార్లు కట్టిన దిగుడుబావి

మా లెక్కల మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను గుంటూరులో ఆఫీసుకి బయల్దేరుతున్నాను. దర్శి నుంచి ఆయన భార్యే ఫోన్ చేశారు. ఆవిడని మా బడి పిల్లలందరం అమ్మగారు అనేవాళ్ళం; మాస్టారు మాత్రం పేరు పెట్టకుండా 'ఆవిడ' అనేవారు. "పొద్దున్నే కాఫీ తాగారమ్మా. గ్లాసు కింద పెట్టి అట్లాగే పక్కకి ఒరిగిపోయారు" అన్నారు. వేసుకున్న చెప్పులు విప్పి గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

దర్శి హైస్కూల్లో మూడేళ్ళు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నాను. తప్పు చేసిన లెక్కని కొట్టేయనిచ్చేవారు కాదు. దాని పక్కనే మళ్ళీ చేయించి, తప్పు ఏ వరసలో మొదలైందో వేలు పెట్టి చూపించమనేవారు. చూపించగలిగితే సగం మార్కులు వేసేవారు. "తప్పు జవాబు రావడం పెద్ద సంగతేం కాదు. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతేనే భయపడాలి" అనేవారు.

రిటైరయిన కొన్నేళ్ళకి నీటికాసుల జబ్బుతో ఆయన చూపు పోయింది. చూడ్డానికి వెళితే కళ్ళ గురించి మాట్లాడనివ్వలేదు, నేనేం చేస్తున్నానో చెప్పమన్నారు. ఆఫీసు సంగతులు అయ్యాక, కాస్త సిగ్గుపడుతూనే మా ఆట గురించి చెప్పాను. కాలేజీలో నాతో చదివిన పెదకాకాని స్నేహితురాలూ నేనూ కలిసి తెలుగులో ఒక ఆట తయారు చేస్తున్నాం. కొండ మీద కోట. చాలామంది ఒకేసారి అందులో తిరగొచ్చు, మాట్లాడుకోవచ్చు, వస్తువులు ఇచ్చిపుచ్చుకోవచ్చు.

"బొమ్మలు ఉంటాయా?" అని అడిగారు.

"ఉండవండీ. అంతా రాతే. గది ఎట్లా ఉందో రాసి ఉంటుంది. ఉత్తరానికి వెళ్ళు అని రాస్తే పక్క గది వస్తుంది."

"అయితే అది నాకు పనికొచ్చేదేగా" అన్నారు.

ఆ సాయంత్రమే ఆయన ఫోన్లో ఆట పెట్టించాను. తెర మీది అక్షరాలని ఫోన్ పైకి చదివేది, ఆయన నోటితో చెప్పింది రాసుకునేది. నెల తిరక్కుండానే కోట మాకంటే ఆయనకే బాగా తెలిసిపోయింది. ఒకరోజు ఫోన్ చేసి, ధాన్యాగారంలోంచి తూర్పుకి వెళ్ళి మళ్ళీ పడమరకి వస్తే బయల్దేరిన చోటికి రావడం లేదని చెప్పారు. వెతికితే నిజమే. ఏడాదిగా ఆ తప్పు మా ఇద్దరి కంటా పడలేదు.

కొంతకాలం ఆడినవాళ్ళు కోటలో కొత్త చోట్లు కట్టుకోవచ్చు. మాస్టారు దిగుడుబావి కట్టడం మొదలుపెట్టారు. ఒక్కో మెట్టూ ఒక్కో గది, ఒక్కోదానికీ రెండు మూడు వాక్యాలు. ఒక్కోటి చెప్పడం అవగానే ఆట 'సరే' అనేది. ఆ ఎండాకాలమంతా దానిమీదే ఉన్నారు. నలభై మెట్లు దిగితే నీళ్ళు. పదకొండో మెట్టు నాకు ఇప్పటికీ నోటికొచ్చు: "ఇక్కడికి పై మాటలు వినబడవు. గోడకి చెయ్యి ఆనించు. ఎవరో ఇప్పుడే ఆనించి వెళ్ళినట్టు ఒకచోట వెచ్చగా ఉంటుంది."

నలభై మెట్లలో ఎక్కడా ఒక్క రంగు పేరు లేదు. గుర్తు లేవా అని అడిగాను. "గుర్తే. కానీ సరైన గుర్తో కాదో సరిచూసుకునే దారి లేదు. సరిచూడలేనిది రాయను" అన్నారు.

మా ఆట పెదకాకానిలో స్నేహితురాలి ఇంట్లో, ఒక పాత కంప్యూటర్లో నడిచేది. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి దగ్గర ఏముంది, ఏ గదిలో ఏం రాసుంది, అంతా దాని తాత్కాలిక జ్ఞాపకంలోనే, కరెంటు పోతే చెరిగిపోయే చోటే, తిరిగేది. గంటకోసారి మొత్తాన్నీ ఒకే పెద్ద ఫైలుగా, పాత ఫైలు మీదే రాసేసేవాళ్ళం. ఒక మధ్యాహ్నం సరిగ్గా అలా రాస్తుండగా కరెంటు పోయింది. బ్యాటరీ ఆదుకోలేదు. కొత్తది సగమే రాశాం, పాతది అప్పటికే చెరిగిపోయింది. విడిగా దాచిన కాపీ ఒకటి ఉంది గానీ అది బావి మొదలుపెట్టక ముందుది.

రెండు వారాలు ఆట మూసేశాం. ఆ రెండు వారాలూ మేమిద్దరం పోట్లాడుకున్నాం. మనిషికో ఫైలు, గదికో ఫైలు చాలు, ఒకటి చెడితే ఒకటే పోతుంది అని తను. ఆఫీసుల్లోలా అంతా డేటాబేస్‌లో పెట్టాల్సిందే అని నేను. ఈలోగా మాస్టారు ఫోన్ చేశారు, కోట తలుపు తెరుచుకోవడం లేదని. రిపేరు చేస్తున్నామండీ అని అబద్ధం చెప్పాను. ఆ ఆదివారం ఇక ఉండలేక దర్శి బస్సెక్కాను.

విన్నాక ఆయన, "నలభై మెట్లూనా?" అన్నారు.

"నలభయ్యీ అండి."

లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. తొట్టిలో నీళ్ళు ముంచుకుని మొహం కడుక్కున్న చప్పుడు వినిపించింది. చాలాసేపటికి తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, ఎట్లా పోయిందో వరసగా చెప్పమన్నారు. చెప్పాను. మా పోట్లాట కూడా చెప్పాను.

"మనిషికో ఫైలు అయితే, కోటలో నేను నీకు దీపం ఇచ్చాననుకో. నా ఫైల్లో కొట్టేసి నీ ఫైల్లో రాయాలి. మధ్యలో కరెంటు పోతే దీపం ఎవరి దగ్గరున్నట్టు?"

"ఎవరి దగ్గరా ఉండదండీ."

"ముందు నీ ఫైల్లో రాస్తే?"

"ఇద్దరి దగ్గరా ఉంటుంది."

డేటాబేస్‌లో అయితే ఆ రెండు మార్పులూ కలిసే జరుగుతాయని, లేకపోతే రెండూ జరగవని చెప్పాను. అయితే చేతులు మారేవన్నీ అందులోనే పెట్టమన్నారు. గదుల మాటల్ని మాత్రం గదికొకటిగా మామూలు ఫైళ్ళలో ఉంచమన్నారు. రేపు మీ ఆట ఆగిపోయినా, దాని సంగతే తెలియనివాళ్ళు కూడా తెరిచి చదువుకునేట్టు ఉండాలన్నారు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదని తేల్చాక, అప్పుడు అన్నారు: "రాయడం అయ్యేదాకా సరే అనకండమ్మాయ్. మీ కోట నాకు నలభైసార్లు సరే అంది."

కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

ఆయన చెప్పినట్టే చేశాం. మార్పు డిస్కు మీదికి చేరాకే ఆట 'సరే' అనడం నేర్చుకుంది. రోజూ ఒక కాపీ గుంటూరులో నా దగ్గరికి వచ్చే ఏర్పాటు చేశాం. పాత మెట్లు గుర్తుంటే చెప్పండి, నేను ఎక్కిస్తాను అన్నాను. "గుర్తున్నాయి. అవే చెబితే కాపీ కొట్టినట్టుంటుంది. మళ్ళీ దిగుతాను" అన్నారు. వానలు వెనకబట్టేదాకా పట్టింది. రెండో బావికి ముప్పై మూడే మెట్లు. లోతు తగ్గిందేమండీ అంటే, నీళ్ళు ఇంకాస్త పైకి వచ్చాయన్నారు.

రెండో బావి పదిలంగా ఉంది. నాకు మొదటిది కావాలి. పదకొండో మెట్టు తప్ప అందులోది నా దగ్గర ఏదీ లేదు. మిగిలిన ముప్పై తొమ్మిదీ ఆయనకి గుర్తుండేవి. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళానో, ఎన్ని గంటలు ఆ మంచం పక్కన కూర్చున్నానో. ఒక కాగితం తీసుకుని, మాస్టారూ, ఆటలోకి వద్దులెండి, నాకోసం చెప్పండి అని అడిగుంటే చెప్పేవారు. అన్ని రకాల జాగ్రత్తలూ ఆలోచించినదాన్ని, అదొక్కటి అడగలేదు.

పెద్దకర్మ రోజున చుట్టాలంతా భోజనాలకి లేచాక అమ్మగారు నన్ను లోపలికి పిలిచి ఆయన ఫోన్ చేతికిచ్చారు. "ఇది ఏం మాట్లాడేదో నాకొక్క ముక్కా అర్థమయ్యేది కాదమ్మా. గిన్నెలో గింజలు వేసి గిలకరించినట్టుండేది. ఆయన మాత్రం నవ్వుకునేవారు" అన్నారు. చూస్తే, ఫోన్ చదివే గొంతు వేగాన్ని ఆయన చిట్టచివరిదాకా పెంచి పెట్టుకున్నారు. ఇన్నేళ్ళూ ఒకే గదిలో ఉండి ఆవిడ విన్నది ఆ గిలకరింపే.

వేగం తగ్గించాను. ఆట తెరిచాను. ఆయన ఆఖరుసారి ఆగింది కోట వెనక, నేనెప్పుడూ వెళ్ళని చోట. ఈ మధ్యే కట్టినట్టున్నారు. ఫోన్ నిదానంగా, మాటమాటకీ ఆగి చదివింది: "ఇది కళ్ళం. మిరపకాయలు ఎండుతున్నాయి. ఎవరో తుమ్మారు. తుమ్మి, ఎవరూ వినలేదుగా అన్నట్టు ఊరుకున్నారు. ఆవిడే."

ఇంకోసారి పెట్టమ్మా అన్నారు అమ్మగారు. పెట్టాను. ఈసారి ఫోన్ నా చేతిలోంచి తీసుకుని చెవికి ఆనించుకున్నారు. బయట ఎవరో విస్తళ్ళు తెమ్మని కేకేస్తుంటే, వాళ్ళని ఆగమన్నట్టు రెండో చెయ్యి పైకెత్తి, అట్లాగే ఉంచారు.