ఫలితాల రోజు మా అక్క

గత గురువారం పొద్దున సంగారెడ్డి పక్కన ఉన్న కంది నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అక్క తమ్ముడు. "అక్క పోయిందమ్మా, రాత్రి నిద్రలనే" అన్నాడు. కొన్ని నెలలుగా ఆమె మందులు వాడుతోందని తెలుసు. ఇంత తొందరగా పోతుందనుకోలేదు.

ఆమె నాకు తోబుట్టువు కాదు. పటాన్‌చెరులో నేను మొదట చేరిన చిన్న కంప్యూటర్ కంపెనీలో నాకు పని నేర్పిన మనిషి. అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. పరీక్షా ఫలితాలను వెబ్‌సైట్‌లో పెట్టడం మా కంపెనీ పని. రసాయన ఫ్యాక్టరీల మధ్య ఒక షెడ్డు పైఅంతస్తులో ఐదుగురం పనిచేసేవాళ్ళం. గాలి పాశమైలారం వైపు నుంచి తిరిగిందంటే కిటికీలన్నీ మూసేవాళ్ళం. చేరిన రోజే మేనేజరు నా అసలు సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏడాది బాండు అన్నాడు. అక్క బాండు ఎప్పుడో అయిపోయింది. ఆమె సర్టిఫికెట్లు మాత్రం బయటికి రాలేదు.

సర్వర్ గదిలో చలికి ఆమె వాళ్ళ నాన్న ఖాకీ కోటు వేసుకునేది. అంకెలు అరచేతి మీద రాసుకునేది. ఏం చెప్పినా ముందు ఒకటే అడిగేది. "మొత్తం ఎంతమందని కాదు, ఒక్కసారే ఎంతమంది వస్తరు?" బోనాలకు మా ఇంటికి భోజనానికి పిలిస్తే కూడా అదే అడిగింది. మా అమ్మ చాలాసేపు నవ్వింది.

ఆ వేసవిలో ఆమెకు హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం దొరికింది. ఫలితాల రోజు సాయంత్రంలోగా అసలు సర్టిఫికెట్లు చూపించి చేరాలి. ఫలితాలు పెట్టగానే ఇస్తానని మేనేజరు మాటిచ్చాడు.

పదకొండింటికి ఫలితాలు విడుదలయ్యాయి. పది నిమిషాల్లో సైట్ నిలిచిపోయింది. సంగారెడ్డి ఇంటర్నెట్ సెంటర్ల ముందు పిల్లలు గుమిగూడి ఉన్నారని ఒకటే ఫోన్లు. మేనేజరు మెట్ల దగ్గర షట్టర్ దించి తాళం వేశాడు. సైట్ లేచేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. ఏసీ సర్వర్ గదికే ఉండేది, మాకు ఒక్క ఫ్యాన్. రెండింటికల్లా మంచినీళ్ళు అయిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. అక్క గోడ గడియారం వైపు రెండుసార్లు చూసింది. తర్వాత అది కనబడకుండా కుర్చీ తిప్పుకుంది.

పిల్లలు హాల్‌టికెట్ నంబరు కొట్టిన ప్రతిసారీ సర్వర్ మిషన్ పెద్ద పట్టికలోకి పోయి వెతుకుతోందని, అక్కడే ఊపిరాడడం లేదని ఆమె మాకు చెప్పింది. ఒక్కో నంబరుకు ఒక్కో పేజీ ముందే తయారు చేసిపెడితే ఇక వెతుకులాట ఉండదు, తీసి ఇవ్వడమే. ఆ పేజీలను రెండో మిషన్‌లోనూ పెట్టి, వచ్చేవాళ్ళను చెరి సగం పంపాలంది. సైట్ మొదటి పేజీలో మేనేజరు పెద్ద ఫోటో ఉండేది. ప్రతి పిల్లవాడికీ ముందు ఆ ఫోటో వెళ్ళాకే మార్కులు వెళ్ళేవి. అక్క ఎవరినీ అడగకుండా దాన్ని తీసేసింది.

ఐదున్నరకు సైట్ లేచింది, షట్టరూ లేచింది. అప్పటికి హైదరాబాద్ ఆఫీసు మూసే వేళయింది.

మర్నాడు ఆమె సర్టిఫికెట్లు అడిగితే మేనేజరు మెత్తగానే చెప్పాడు. "గీ పని నీకొక్కదానికే తెల్సు. నిన్నెట్ల పంపాలె?"

ఆమె తిరిగి వచ్చి నాకు నేర్పడం మొదలుపెట్టింది. వారం రోజులు నేర్చుకున్నాక నాకు భయం పట్టుకుంది. బస్సు కోసం నడుస్తూ అనేశాను. "అక్కా, ఇదంత నేను నేర్సుకుంటే రేపు నన్ను ఆపుతడు గదా?"

ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నాను. మూడోరోజు నాలుగు చార్టు కాగితాలు తెచ్చింది. ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి సర్వర్ గది గోడకు అంటించింది.

"ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరు పోలేరు" అంది. "అందరికి తెలిస్తే ఎవర్నని ఆపుతడు?"

ఆ ఏడాదంతా మాకు ప్రతి శనివారం అదే సాధన. వేలమంది ఒక్కసారే వచ్చినట్టు ఉత్తుత్తి రద్దీ పుట్టించే ప్రోగ్రాము ఒకటి రాసింది. అది నడుస్తుండగా కావాలనే ఒక మిషన్‌ను ఆపేసేది. రెండోది తట్టుకుంటుందో లేదో వంతులవారీగా మేమే చూసుకోవాలి. తప్పు చేస్తే తిట్టేది కాదు. మళ్ళీ మొదటి కాగితం దగ్గరికి పంపేది.

మరుసటి వేసవిలో ఫలితాల రోజున అక్క సెలవు పెట్టింది. మేనేజరు ఆమె ఇంటికి ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మేం కాగితాలు చూసుకుంటూ ఒక్కో పనీ చేశాం. మధ్యాహ్నం ఒక మిషన్ నిజంగానే మొరాయించింది. రెండోది బరువంతా మోసింది. సైట్ ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె మేనేజరు బల్ల ముందు నిలబడింది. "మా ఇద్దరియి ఇయ్యుండ్రి సార్" అంది. నా బాండు కూడా అప్పటికి అయిపోయింది. ఆయన ఆమె సర్టిఫికెట్ల కవరు ఒక్కటే ముందుకు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. భోజనాల వేళకు బీరువా రెండోసారి తెరుచుకుంది.

తర్వాత నేను హైదరాబాద్ వెళ్ళాను. ఆమె సంగారెడ్డిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పింది. నేనిప్పుడు చూసుకునే సైట్లకు పదుల కొద్దీ మిషన్లున్నాయి. ఏ కొత్త పని వచ్చినా నేను మొదట అడిగేది ఆమె ప్రశ్నే. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ సరిగ్గా చెప్పలేదు. చెప్పొచ్చులే, ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

సర్టిఫికెట్లతో బయటపడ్డ ఆ మధ్యాహ్నం ఇద్దరం పటాన్‌చెరు బస్టాపు దాకా నడిచాం. హైదరాబాద్ ఉద్యోగం ఎవరికో పోయి ఏడాదయింది. ఆ వేళప్పుడు ఆఫీసు బయట నిలబడటం ఆమెకు కొత్త. సంగారెడ్డి బస్సు వచ్చి పోయింది. హైదరాబాద్ వైపు పోయే లింగంపల్లి బస్సు వచ్చి పోయింది. "ఇగ ఎటు పోవాలె?" అని మెల్లగా అడిగింది. నన్నడిగిందో, తనను తానే ప్రశ్నించుకుందో తెలియలేదు. నా బస్సు రాగానే నేను ఎక్కేశాను. వెనక అద్దంలోంచి చూస్తే, లారీల దుమ్ములో ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది, రోడ్డుకు ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర చూస్తూ.