మిరప కల్లాల మీద మంచు మేఘం

మా ముత్తాతగారు ఏడూళ్ల పెత్తనం చేశారు. మా తాతగారి ఎదుట ఆ ఊళ్లలో ఎవరూ కుర్చీలో కూర్చునేవారు కారు. మా నాన్నగారి కాలానికి కుర్చీలే మిగిలాయి. నేను వాతావరణ శాఖలో చేరాను. పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, గుంటూరు, ప్రకాశం జిల్లాల సూచనలు చూసే విభాగానికి బదిలీ అయ్యాను. ఉపగ్రహ సమాచారం పరిశీలించడం నా పని.

నేల నుంచి మైక్రోవేవ్ తరంగాలు ఎప్పుడూ పైకి వెలువడుతుంటాయి. ఉరుముల మేఘంలో పెద్ద మంచు గుళికలుంటే అవి ఈ తరంగాలను పక్కలకు చెదరగొడతాయి. ఉపగ్రహానికి చేరేది తగ్గిపోయి, ఆ చోటు పటంలో విపరీతమైన చల్లదనంగా కనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం మా ఊరికి దక్షిణాన అలాంటి మచ్చ కనిపించింది. వడగళ్ల హెచ్చరిక రాసి పై అధికారి ముందు పెట్టాను. ఆయన తనిఖీ పట్టిక తీశారు. కనిష్ఠ హద్దుకు దిగువనున్న అంకెను పరికర లోపంగా కొట్టేయాలని అందులో ఉంది.

"ఫ్యాను కింద ఉడికిపోతున్నాం, అంత చలి ఎక్కడిదండీ?" అని నవ్వారు.

అది చలి కాదని, మంచు చెదరగొట్టడం వల్ల తగ్గిన తరంగాల లెక్క అని చెప్పాను. మంచు అంతగా చెదరగొట్టలేని తక్కువ పౌనఃపున్యాల అంకెలు సవ్యంగానే ఉన్నాయనీ, పరికరం పాడవలేదనీ చూపించాను.

"మీ దొరతనం ఇంటి దగ్గర చూపించుకోండి" అని హెచ్చరికను కొట్టేశారు. నా అభ్యంతరం కాగితం మీద రాసి ఫైలులో పెట్టాను.

అప్పుడే మా పొలం కౌలుకు చేస్తున్న యేసురత్నం ఫోన్ చేశాడు.

"బాబుగారూ, కాయంతా కల్లంలో ఆరబోశాం. మబ్బు పట్టింది. పట్టాలు కప్పమంటారా? ఊరికే కప్పితే ఉక్కకి రంగు పోద్దండీ."

సంతకం కాని సూచన బయటికి చెప్పకూడదన్నది నిబంధన. దాన్ని ఏనాడూ మీరలేదని నాకు గర్వం. "ఆఫీసు హెచ్చరికేమీ లేదు" అన్నాను.

గంటలో వడగళ్లు పడ్డాయి. ఎర్రటి కాయ తడిసి తెల్లబారి, ధర పలకని తాలైపోయింది. మర్నాడు కల్లంలో యేసురత్నం నన్ను నిలదీశాడు.

"మీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను.

"దారిన పోయేవాడైనా 'ఒరేయ్, కప్పుకోరా' అని కేకేసేవాడండీ. మీరు నాకు ఆఫీసు మాట చెప్పారు!"

మా అధికారి నివేదికలో "ఊహించని వడగళ్లు" అని రాశారు. నేను ఊహించాను! నా అభ్యంతర పత్రం ఫైలులో లేకుండా పోయింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. అందులో సగం నా మీదే.

హద్దు దాటిన అంకెను కొట్టేసే ముందు అది ఎందుకు దాటిందో అడగాలి. చూసింది చెప్పడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

జూన్ రాకముందే యేసురత్నం తన రెండు గేదెలనూ అమ్మేశాడు.