తాటిపూడికని బయల్దేరి చోడి కళ్ళం దగ్గర దిగిపోయాం

ముందే చెప్పేస్తున్నాను, తాటిపూడి జలాశయం ఎలా ఉంటుందో నాకు తెలియదు. అక్కడికని బయల్దేరిన మాట నిజం, ఆటో మాట్లాడుకున్న మాటా నిజం, చేరలేదంతే. బోటు టిక్కెట్టు ఎంత, ఫొటోలు ఏ వైపు నుంచి బాగా వస్తాయి అని వెతుక్కుంటూ ఈ పేజీకి వచ్చినవాళ్ళు నన్ను క్షమించాలి. దారి మాత్రం శుభ్రంగా చెప్పగలను. ఆ దారిలో చూసినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది, అందుకే రాస్తున్నాను.

బయల్దేరడానికి కారణం నీమా. టాంజానియా అమ్మాయి. విజయనగరం దగ్గర మా కాలేజీలో బీఫార్మసీ మొదటి సంవత్సరంలో చేరింది. నేను అక్కడే ఎంఫార్మసీ చదువుతున్నాను, వాళ్ళ క్లాసుల్లో మేష్టారికి సాయంగా కూర్చుంటాను, హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. చదువంతా ఇంగ్లీషులోనే ఉంటుందని చెప్పి నీమాను చేర్చుకున్నారు. అబద్ధమేం కాదు, ప్రతి క్లాసూ ఇంగ్లీషులోనే మొదలవుతుంది. కాసేపటికి మేష్టారికి ఊపొస్తుంది, తెలుగులోకి దిగిపోతారు, ఓ జోకు వేస్తారు, క్లాసంతా గొల్లుమంటుంది. నీమా ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వుతుంది. గదికొచ్చాక "ఆయన ఏమన్నారు?" అని అడిగేది. నేను ఇంగ్లీషులో చెప్పబోతే ఆ జోకులో ఏమీ మిగిలేది కాదు. "చెప్తే ఏం మిగలదు, వదిలెయ్" అనేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. ఆ తరవాత నవ్వడం మానేసింది. ఆ తరవాత తిండి కూడా. మెస్సులో కంచం ముందేసుకుని మెతుకులు అటూ ఇటూ నెడుతూ కూర్చునేది.

కార్తీకమాసంలో ఓ శనివారం బట్టలు మడత పెడుతూ చెప్పింది. "రేపు సాయంత్రం నాన్నతో మాట్లాడాలి. ఉంటావా, వచ్చేస్తావా, ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు. వచ్చేస్తానంటాను. టిక్కెట్టు కొంటాడు." సబ్బు అయిపోయింది అన్నంత మామూలుగా అంది.  నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "వెళ్దువుగానిలే, మా జిల్లాలో ఒక్క కొండైనా చూసి వెళ్ళు" అన్నాను. అంతకంటే గొప్ప ఉపాయం నా బుర్రకి తట్టలేదు.

ఆదివారం ఉదయం ఏడున్నర ప్రాంతంలో విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో ఎస్.కోట బస్సెక్కాం. శృంగవరపుకోట అని బోర్డు మీద చదువుతారు గానీ, నోటితో అందరూ ఎస్.కోట అనే అంటారు. గంట్యాడ మీదుగా వెళ్తుంది, గంట పైన పడుతుంది. ఈ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి నేను ఆధార్ చూపించి టిక్కెట్టు తీసుకున్నాను. నీమా కాలేజీ కార్డు తీసింది. కండక్టరమ్మ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఇది సెల్దు తల్లీ. ఆధారుండాల."

"ఆమె కూడా ఆడపిల్లే కదండీ?" నేను వాదనకి దిగాను.

"ఆడపిల్లే. నాకు కళ్ళు కనిపిస్తన్నాయిలే. ఆంధ్రా ఆడపిల్ల కాదు గదా, నన్నేటి సెయ్యమంటావు?"

బస్సులో నలుగురూ నవ్వారు. నీమా మా ఇద్దరి మొహాలూ చూసి, డబ్బు తీసి ఇచ్చేసింది. యాభై చిల్లర అయింది. బయటి దేశంవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. కండక్టరమ్మ ఏమందని నీమా అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. కిటికీ వైపు తిరిగిపోయింది.

ఎస్.కోటలో దిగి ఇడ్లీ తిన్నాం. తిన్నాం అంటే నేను తిన్నాను, నీమా టీ తాగింది. తాటిపూడికి గంట్యాడ వైపు నుంచీ దారి ఉందంటారు గానీ, ఎస్.కోటలో అయితే ఆటోలు దొరుకుతాయి. రమణ అనే కుర్రాడు వెళ్ళి రావడానికి ఆరొందలడిగి ఐదొందలకి దిగాడు. బండి ఊరు దాటకముందే మొదలెట్టాడు.

"ఏ దేశమండీ ఆయమ్మది?"

"టాంజానియా. ఆఫ్రికాలో."

"అక్కడ ఈదుల్లో సింహాలు తిరుగుతాయంటారు, నిజమేనేటి?"

నేను అడిగి చెప్పాను. వాళ్ళ ఊళ్ళో సింహాల్లేవట, ఆవులున్నాయట.

"ఆవులా!" రమణ మొహం వాడిపోయింది. "ఆవులు మాకూ ఉన్నాయి కదండీ."

ఊరు దాటగానే కొండలు ఒక్కసారిగా దగ్గరికొచ్చేస్తాయి. ఆ వేళప్పుడు వాటి నడుముల మీద మంచు ఇంకా విడలేదు, కింద కోతకొచ్చిన వరిచేలు పచ్చగా, బంగారు రంగుగా ఉన్నాయి. పుట్టినప్పట్నుంచీ ఈ జిల్లాలో ఉన్న నేనే ఆటోలోంచి తల బయటపెట్టి చూశాను. నీమా చూస్తోందో లేదో తెలియలేదు. అలా పోతుండగా రోడ్డు మీద సగం మేర చోడి వెన్నులు పరిచి ఉన్నాయి. రాగులనే మా వైపు చోళ్ళంటాం. వచ్చే పోయే బండ్ల కింద పడి గింజ రాలుతుందని రైతులు అలా రోడ్డు మీద ఆరేస్తారు. రమణ వాటి మీదుగా పోనిచ్చాడు.

"ఆపు! ఆపు!"

అరిచింది నీమా. తెలుగులో అరిచింది! తనంతట తాను తెలుగు మాట అనగా నేను వినడం అదే మొదలు. బండి పూర్తిగా ఆగకముందే దూకేసి, రోడ్డు మీద గొంతుక్కూర్చుంది. ఓ వెన్ను తీసి అరచేతుల్లో నలిపి, ఊదింది. పొట్టు ఎగిరిపోయి ఎర్రటి గింజలు మిగిలాయి. వాటిని చూసింది, నన్ను చూసింది.

"సుజాతా, ఇది ఉలేజీ. మా ఉలేజీ. ఇది ఇక్కడేం చేస్తోంది?"

రోడ్డు పక్కనే కళ్ళంలో ఓ ముసలామె కర్రతో వెన్నులు కొడుతోంది. పేరు పైడమ్మ అని తరవాత తెలిసింది. కర్ర ఆపి కేకేసింది.

"ఏటమ్మా, రోడ్డు మీద ఏటెతుకుతన్నారు? ఏటి పడిపోనాది?"

"ఏం పడలేదు మామ్మా. ఈ అమ్మాయి వాళ్ళ ఊళ్ళో కూడా చోళ్ళు పండుతాయట. చూసి ఆశ్చర్యపోతోంది" అంటూ కళ్ళంలోకి నడిచాను.

"ఒలే ఒలే! సెప్పులు! గింజలున్న సోటికి సెప్పులేసుకుని వస్తావేటే? ఆ పిల్లని సూసి నేర్సుకో!"

తిరిగి చూద్దును కదా, నీమా చెప్పులు గట్టు అవతలే ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు. ఉత్త కాళ్ళతో వచ్చి, పైడమ్మ ముందు కాస్త మోకాళ్ళు వంచి "శికమో" అంది. పెద్దవాళ్ళకి పెట్టే దండమట, మీ కాళ్ళు పట్టుకుంటున్నానని అర్థమట. చెప్పులెందుకు విప్పావని అడిగితే, విచిత్రంగా చూసింది. "గింజల మీదికి చెప్పులతో వెళ్తే మా అమ్మమ్మ కొట్టేది."

ఆ మాట తెలుగులో చెప్పగానే పైడమ్మ రెండో కర్ర అందించింది. నీమా అందుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకరి కర్ర లేచినప్పుడు ఒకరి కర్ర దిగేలా కొట్టడం మొదలెట్టారు. ఒక్క దెబ్బ తప్పలేదు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఇన్నాళ్ళూ నా గదిలో తల వంచుకుని కూర్చున్న పిల్ల ఈమేనా అని నోరు తెరుచుకుని చూశాను.

"ఓలమ్మో! సెయ్యి తిరిగిన పిల్లే!" అంది పైడమ్మ.

"బోటు టైమైపోతాదండీ" అన్నాడు రమణ.

"కూకోరా బాబూ, బోటెక్కడికీ పోదు" అని పైడమ్మ వాడి నోరు మూయించి, నీడలో పెట్టిన కుండ మూత తీసింది. చోడి అంబలి. పిండి రాత్రంతా నానబెట్టి, నూకలేసి కాచి, చల్లారాక మజ్జిగ కలిపింది. పక్కన ఉల్లిపాయలు, కాల్చిన ఎండుచేప. నీమా స్టీలు గ్లాసు అందుకుని ఓ గుక్క తాగి మొహం చిట్లించింది. "ఇది పులిసిపోయింది. చల్లగా ఉంది. మేం వేడిగా, తియ్యగా తాగుతాం."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఏడిగా తాగితే ఎండలో కడుపు మండిపోదేటి? సల్లగా తాగాల. తాగమను."

తాగింది. ఆగి, మళ్ళీ తాగింది. గ్లాసు చాపింది. మూడోసారి గ్లాసు చాపినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. పక్కకి తిరిగి ఫోన్ చూస్తున్నట్టు నటించాను. నటిస్తూ నటిస్తూ నిజంగానే వెతికాను. చోడి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కొండ ప్రాంతాలట. వేల ఏళ్ళ కిందటే సముద్రం దాటి మన వైపు వచ్చిందట. రెండుసార్లు చదివాను. అదే పంట, ఆ ఒడ్డు నుంచి ఈ కళ్ళం దాకా! పైకి చదివి వినిపించాను.

"సోళ్ళు మాయే. మా తాతల్నాటి పంట" అంది పైడమ్మ ముందు. తరవాత నీమా మొహంలోకి చాలాసేపు చూసింది. "అయితే ఈ గుంట మా సోడికి పుట్టింటోళ్ళ పిల్లన్నమాట! ముందే సెప్పొద్దేటి? పుట్టింటోళ్ళొస్తే ఉత్త అంబలి పోసి పంపుతామేటి? ఉండు, కోడిగుడ్లున్నాయి."

ఈ మాట నీమాకి చెప్తే పెద్దగా నవ్వి, ఫోన్ తీసి వాళ్ళ అమ్మకి వీడియో కాల్ చేసింది. వాళ్ళకి మనకంటే రెండున్నర గంటలు వెనక, ఇంకా పొద్దున్నే. చోళ్ళు చూపించింది, కళ్ళం చూపించింది, పైడమ్మని చూపించింది. అవతల ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఏదో అరిచి, "శికమో" అంది.

"మరహబా అనాలి" అని నీమా చెప్పింది.

"మరబ్బా!" పైడమ్మ గొంతెత్తి అంది. "ఓలమ్మా, బాగున్నావా? పిల్లని సిక్కిపోనిచ్చినారు ఈల్లు. నేను సూసుకుంటాన్లే, దిగులెట్టుకోకు!" అవతల ఆమె స్వాహిలీలో ఏకధాటిగా జవాబు చెప్పింది. ఈమె ఊఁ కొట్టింది. నేను మధ్యలో దూరి తర్జుమా చేయబోయాను గానీ ఇద్దరూ పట్టించుకోలేదు. నేనూ మర్యాదకి "మరహబా" అన్నాను, అది దండం అందుకున్న పెద్దవాళ్ళే అనే మాటని తెలియక. తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ ఏదో అంది. నీమా కడుపు పట్టుకుని నవ్వింది, వాళ్ళ అమ్మ నవ్వింది, ఎందుకో పైడమ్మా నవ్వింది. ఒక్క క్షణం ఆలస్యంగా నేనూ నవ్వాను.

నవ్వాక గానీ తెలియలేదు నేనేం చేశానో. ఆ నవ్వు నాకు తెలుసు. క్లాసులో రోజూ చూశాను.

అంతలో అవతల వాళ్ళ నాన్న వచ్చాడు. సాయంత్రం అడగాల్సింది అప్పుడే అడిగాడని ఆయన మొహం చూస్తే తెలిసింది. నీమా లేచి కళ్ళం చివరికి వెళ్ళి మాట్లాడింది. నాకు కాలు నిలవలేదు. మాటలు వినిపిస్తున్నాయి, ఒక్కటీ అర్థం కావడం లేదు. తిరిగొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను.

"నాన్న ఏమన్నారు? నువ్వేమన్నావు?"

"చెప్తే ఏం మిగలదు, వదిలెయ్" అంది నీమా, మొహంలో ఏ భావమూ లేకుండా. నేను బిక్కమొహం వేశాక పగలబడి నవ్వింది. "నూర్పులయ్యేదాకా ఉంటానన్నాను. ఇంత పంట మామ్మ ఒక్కతే ఎలా కొడుతుంది?"

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. రమణ కూడా అంబలి తాగాడు, గుడ్డు తిన్నాడు, అయినా ఐదొందలూ తీసుకున్నాడు. తిరుగు బస్సులో నీమా తనే కండక్టర్ని పిలిచి "ఇజీనారం ఒకటి కొట్టండి" అంది, పైడమ్మ నేర్పినట్టే. నూర్పులు ఎప్పుడో అయిపోయాయి. విమానం టిక్కెట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆదివారం వస్తే నీమా ఎస్.కోట బస్సెక్కేస్తుంది, నన్ను రమ్మని బతిమాలడం కూడా మానేసింది. క్లాసులో జోకులు ఇప్పటికీ సగం అర్థం కావట. అర్థం కానప్పుడు నవ్వడం లేదు, చెయ్యెత్తి "ఏటన్నారు సార్?" అని అడుగుతోంది. మేష్టారు మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. నేను చేసిందేమీ లేదు, కొండ చూపిద్దామని తీసుకెళ్ళాను, అంతే. ఆ గింజ నాకంటే ముందే వచ్చి ఆ పిల్ల కోసం అక్కడ కూర్చుంది. ఎంత పెద్ద సముద్రమో, ఎంత చిన్న గింజో అనుకుంటాను అప్పుడప్పుడూ.

ఒక్క సలహా. ఆదివారం తాటిపూడి వెళ్తూ ఆ దారిలో ఆగితే, కళ్ళం గట్టు అవతలే చెప్పులు విప్పండి. ఓ పొడుగాటి అమ్మాయి గ్లాసు పట్టుకుని ఎదురొచ్చి "ఏటి, అంబలి తాగుతారా?" అని అడుగుతుంది. ఆమెకి ఇంగ్లీషులో మాత్రం జవాబు చెప్పకండి. తిడుతుంది.