రాణికంటె వంకర

నా పేరు సన్యాసమ్మ. అరవై అయిదేళ్లుంటాయని ఇంట్లోవాళ్ల అంచనా. నర్సీపట్నం పాత బజారులో బంగారం పని చేసే ఇంటికి పెద్దకోడలిని. మా మామగారు మొన్న సోమవారం తెల్లవారుతూ పోయారు. చితి ఆరకముందే బజారులో మాట పుట్టింది, ముసలాయన చేసిన మెడ కంటెలన్నీ వంకరేనని. ఆ మాట అన్నవాళ్లు వినాలని ఇది రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు, నిజం తెలుసు.

తడిపిన నూలుదారం మెడచుట్టూ వేయించి, కొలత దగ్గర గోటితో నొక్కేవారు మామగారు. "మెడని సూసి సెయ్యాల. నగని సూసి సేస్తే అది పెట్టిలోకే" అనేవారు. పసిబిడ్డ చేతి మురుగులైనా అంతే శ్రద్ధ.

నేను కాపురానికి వచ్చిన ఏడాది కోటలో రాణీగారు కంటె చేయమని కబురు పెట్టారు. రాణివాసంలోకి మగవాడు వెళ్లకూడదు. అందుకని దారం పట్టుకొని నేను వెళ్లాను. చిన్నప్పుడు పల్లకీలోంచి పడి ఆవిడ ఎడమ భుజం జారిపోయింది. పట్టు కప్పుకుంటే ఎవరికీ కనపడేది కాదు. నేను బయటికొచ్చి చెబితే, మామగారు కంటెకి ఎడమ పక్క వడ్లగింజంత ఎత్తు పెట్టారు. రాణీగారి మెడమీద అది గీత గీసినట్టు కూర్చుంది. ఆవిడ కబురంపి మా ఇద్దరిచేతా, బంగారం సాగగొట్టే దాగలి మీద ఒట్టు వేయించుకున్నారు, ఈ సంగతి బయటికి పోకూడదని.

అప్పటినుంచి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ రాణికంటె లాంటిదే కావాలి. ఒకావిడకి రెండు పక్కలా సమంగా చేసిచ్చారు. కోట దాసీ చూసి, ఇది రాణీగారి నమూనా కాదంది. ఆ కంటె మర్నాడే వెనక్కి వచ్చింది. ఇక ఆయన మళ్లీ సమంగా చేయలేదు.

ఎస్టేట్లు పోయాయి. రాణీగారూ పోయారు. ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది, ఆయన చేసిచ్చిన కంటె పట్టుకొని నక్కపల్లి నుంచి కొత్త పెళ్లికూతురు బస్సు దిగి వచ్చింది.

"తాతా, ఎడం పక్క లేసిపోతంది. ఏటిది?"

"రాణీగారి కంటె లాగే సెయ్యమని అడిగేవు కదమ్మా."

"ఆవిడికి బాగానే కూకుంది కదా. నీకు సూపు పోనాదని సెప్పీరాదా?"

"పోనాదమ్మా" అన్నారు.

నేను కొలిమి దగ్గర పళ్లు బిగబట్టాను. ఆ పిల్ల వెళ్లాక అడిగాను. "రాణీ లేదు, కోటా లేదు. ఇంకా ఎవులికండీ బయం? సెప్పీండి మావయ్యా."

"ఆవిడున్నన్నాళ్లూ ఆవిడే దాసుకుంది. ఇప్పుడు ఆ బుజాన్ని మనం కాకపోతే ఎవులు దాస్తారే?"

ఆ తరవాత ఇంకో పదేళ్లు ఆ దాగలి పక్కనే కూర్చొని, ఆయన పడే మాటలన్నీ విన్నాను. ఇప్పుడు ఒట్టు నా ఒక్కదాని మీద ఉంది. చెబితే అది తప్పుతుంది, చెప్పకపోతే ఆయన చెయ్యి వంకరదిగా మిగిలిపోతుంది. చెప్పేశాను. పాపం నాదే, ఆయనది కాదు.

మొన్న చివరి చూపుకి, ఏళ్లుగా మెడలోంచి తీయని ఆయన కంటెలతోనే వచ్చిన పెద్దవయసు ఆడవాళ్లు మా వాకిట్లో బారుగా నిలబడ్డారు. ఒక్కరి కంటె కూడా వంకరగా కనపడలేదు. ఏమిటా అని తేరిపార చూశాను. పాడె లేచింది. అందరూ చేతులు జోడించారు. అందరి ఎడమ భుజాలూ కిందికి జారే ఉన్నాయి.

చదివి వినిపిస్తే ఔనని పెట్టిన వేలిముద్ర: సన్యాసమ్మ
దగ్గరుండి చూసినవాళ్లు: పక్కింటి రాములమ్మ, మిషన్ బడి మాస్టారు దావీదు, రాసిందీ ఆయనే